ఇంట్లో మందుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా, ఆసుపత్రి వరండాల్లో వరసగా కూర్చున్న నడివయసు జంటలను గమనిస్తే, పాత చీటీలూ రిపోర్టులూ కుక్కిన సంచి చాలాసార్లు రోగి చేతిలో కనిపించదు. తోడు వచ్చిన మనిషి ఒడిలో కనిపిస్తుంది. లోపలికి పిలిచాక "ఏ మాత్రలు వాడుతున్నారు?" అని డాక్టరు అడిగితే, జవాబు కోసం పక్కకు తిరిగి చూసే రోగులు తక్కువేమీ కాదు. చీటీ మీద పేరు ఒక్కరిదే అయినా దాన్ని రోజూ అమలు చేసే భారం దంపతులిద్దరిలో ఒకరి మీద స్థిరపడిపోతుందనీ, ఎక్కువ ఇళ్ళలో ఆ ఒకరు భార్యేననీ ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆ భారం ఎలాంటిది, అది ఒకరి మీదే ఉండిపోతే ఇద్దరి ఆరోగ్యానికీ ఏమవుతుంది అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

జ్వరం వస్తే నాలుగు రోజులు మందు వేసుకుని ఆ సంగతి మరిచిపోవచ్చు. షుగరు, బీపీ, థైరాయిడ్ అలాంటివి కావు. ఒకసారి ఇంట్లోకి వచ్చాక బియ్యం, పాలు, కరెంటు బిల్లుల పక్కన అవీ ఇంటి లెక్కలో చేరిపోతాయి. భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం, 20 ఏళ్ళు దాటినవారిలో 11.4 శాతం మందికి షుగరు, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయి. ఇలాంటి రోగి మూడు నెలలకొకసారి డాక్టరు ఎదుట పది నిమిషాలు కూర్చున్నాడనుకుంటే, ఏడాది మొత్తానికి దొరికే వైద్యుడి సమయం నలభై నిమిషాలు. మిగిలిన వైద్యమంతా వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర, మందుల షాపు ముందు, పడకగదిలో జరుగుతుంది.

ఆ వైద్యం చేసేది ఎవరో అంచనా వేయడానికి కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే కొంత ఉపయోగపడుతుంది. 2024 సర్వే ప్రకారం, ఇంటి పనిలో పాల్గొనే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, పాల్గొనే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంట్లోవారి బాగోగులు చూసుకునే పనిలో ఈ లెక్క 137, 75 నిమిషాలుగా ఉంది. అయితే ఈ అంకెలకు అందనిది ఒకటుంది. బీపీ మాత్రలు ఇంకా ఎన్ని మిగిలాయో ఓ కంట కనిపెట్టి ఉండటం, పరగడుపున రక్తమివ్వాల్సిన రోజు ముందురాత్రే "రేపు పొద్దున కాఫీ లేదండీ" అని చెప్పిపెట్టడం, పెళ్ళి భోజనంలో రెండో స్వీటు వడ్డించబోతున్నవాళ్ళకు దూరం నుంచే చేయి ఊపడం, కిందటిసారి డాక్టరు ఏ మాత్రను సగం చేశాడో ఆరు నెలల తరువాత కూడా జ్ఞాపకం ఉంచుకోవడం, ఇవన్నీ వేరే పనులు చేస్తూ మనసులో మోసే పనులు. గడియారం పెట్టి కొలిచే సర్వేకు అవి దొరకవు.

ఇక్కడ మగవాళ్ళ పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. మన ప్రాంతంలో బయటి పని చాలావరకు భర్తలే చూస్తారు. బండి మీద వెళ్ళి మందులు తేవడం, బియ్యం బస్తా వేయించడం, ల్యాబులో రిపోర్టు తీసుకోవడం, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్ళాలంటే తెల్లవారుజామునే బయలుదేరి వరసలో నిలబడటం వంటివి వాళ్ళు విసుక్కోకుండా చేస్తారు. ఉద్యోగ విరమణ చేసినవారిలో రైతు బజారుకు రోజూ సంచి పట్టుకుని వెళ్ళేవాళ్ళు, ఏ వారం బెండకాయ ఏ ధర పలికిందో చెప్పగలిగేవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ తెమ్మన్నది తేవడం వేరు, ఏది తేవాలో తెలిసి ఉండటం వేరు. మందుల షాపులో నిలబడి ఇంటికి ఫోను చేసి "ఏ మాత్రలు, ఎన్ని షీట్లు?" అని అడిగే భర్త కాళ్ళతో చేయాల్సిన పని పూర్తిగానే చేస్తున్నాడు, ఆలోచన మాత్రం ఇంకా ఇంట్లో ఉన్న మనిషి మీదే ఉంది. పనులను సమానంగా పంచుకున్నామని నమ్మే జంటల్లో కూడా అసలు తేడా ఎక్కువగా ఈ చోటే మిగిలి ఉంటుంది.

నెలవారీ వెచ్చాల చీటీని ఈ దృష్టితో చదివితే, అది డాక్టరు చీటీ కంటే ఎక్కువ విషయాలు చెబుతుంది. ఉప్పునే తీసుకోవచ్చు. మనిషికి రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాడుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇద్దరే ఉండే ఇంట్లో ఆ లెక్కన రోజుకు 10 గ్రాములు, కాబట్టి కిలో ఉప్పు పాకెట్టు వంద రోజులు రావాలి. నెలా నెలన్నరకే పాకెట్టు మళ్ళీ చీటీలోకి ఎక్కుతోందంటే, ఆ ఇంట్లో బీపీ మాత్ర మోతాదు ఎందుకు పెరుగుతోందో సగం జవాబు అక్కడే ఉంది. పైగా ఈ లెక్కలో కొట్టు నుంచి తెచ్చిన కారప్పూస, అప్పడాలు, సాయంత్రం బండి మీది మిరపకాయ బజ్జీ, వేసవిలో జాడీలకెత్తిన ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్ళు చేరవు. గుంటూరు మిరప యార్డుకు పేరు తెచ్చిన కారం మీద పడే నింద నిజానికి ఉప్పు మీద పడాలి. పచ్చడి చెడకుండా కాపాడేదీ, అన్నంలో కలుపుకున్నప్పుడు రోజు కోటాలో పెద్ద వాటాను ఒక్క పూటలో తినేసేదీ ఉప్పే. కారం తగ్గించాం కాబట్టి బీపీకి జాగ్రత్త తీసుకుంటున్నామనుకునే ఇళ్ళు ఈ తేడాను గమనించాలి.

నూనె లెక్క కూడా ఇలాగే తేలుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల దినభోజనానికి చూపిన నూనె, కొవ్వులు 27 గ్రాములు. ఇద్దరికి నెలకు ఇది దాదాపు 1,600 గ్రాములు, అంటే రెండు లీటరు పాకెట్లకు కొంచెం తక్కువ. మూడో పాకెట్టు ఏ వారంలో కొంటున్నారో చూసుకుంటే చాలు, తూకపు యంత్రం అక్కరలేదు. ఈ లెక్క వంట చేసేవాళ్ళ మీద నిఘా పెట్టడానికని ఎవరూ అనుకోకూడదు. పప్పులో తాలింపు తగ్గితే ముఖం చిట్లించే మనిషీ, తాలింపు వేసే మనిషీ ఒకే నిర్ణయం తీసుకుంటే తప్ప ఆ మూడో పాకెట్టు ఆగదు. రుచి తగ్గిందన్న మాట పడాల్సింది ఒకరూ, షుగరు పెరిగిందన్న మాట వినాల్సింది మరొకరూ అయినంతకాలం వంటింట్లో ఏ మార్పూ నిలవదు.

ఒకే పొయ్యి మీది వంట తింటున్న ఇద్దరి ఒంట్లోనూ ఒకే రకం చిక్కులు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అమెరికా, ఇంగ్లండు, చైనా, భారత దేశాల్లోని నడివయసు, వృద్ధ దంపతుల వివరాలను పరిశీలించి 2023 డిసెంబరులో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మన దేశంలో దాదాపు 20 శాతం జంటల్లో ఇద్దరికీ బీపీ ఉన్నట్టు తేలింది. భర్తకు బీపీ లేని భార్యలతో పోలిస్తే, భర్తకు బీపీ ఉన్న భార్యలకు అది ఉండే అవకాశం ఇక్కడ 19 శాతం ఎక్కువ. తిండి, నిద్రవేళలు, కూర్చునే అలవాటు, ఇంటి ఆందోళనలు ఇద్దరివీ ఒకటే కావడం దీనికి కొంత కారణం కావచ్చు. దీన్నిబట్టి చేయాల్సిన పని చాలా చిన్నది. ఇంట్లో ఒకరికి బీపీ బయటపడిన రోజునే రెండో మనిషికీ కొలవాలి. ఒకరికి షుగరు పరీక్ష చేయిస్తున్నప్పుడు అదే ల్యాబులో అదే ఉదయం రెండో మనిషీ రక్తమివ్వాలి.

ఈ చిన్న పనే జరగడం లేదు. భర్త షుగరు రీడింగులను తారీఖులతో సహా చెప్పగలిగిన ఇల్లాలు తన హిమోగ్లోబిన్ ఎంతో చెప్పలేకపోవడం మన ఇళ్ళలో మామూలు సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం, జుట్టు రాలడం వంటివాటిని "వయసు మీద పడుతోంది" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటూ ఏళ్ళు గడిపేవాళ్ళు ఎందరో. దీనివల్ల మరో చిక్కు కూడా ఉంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనత ఉన్నవారిలో మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఎ1సి పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపవచ్చు. కాబట్టి రక్తం సంగతి తెలుసుకోకుండా ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే వైద్యం దారి తప్పే వీలుంది. భార్యకు పరీక్షలు చేయించడం ప్రేమకు సంబంధించిన విషయంగానే చాలామంది మాట్లాడతారు గానీ, అది సరైన వైద్యానికి సంబంధించిన విషయం కూడా.

పొద్దున వేళ ఇద్దరి మందులూ ఒకదానికొకటి అడ్డుపడే తీరు ప్రత్యేకంగా చూడదగింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకైనా టిఫినుకైనా అరగంట నుంచి గంట వరకు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలను దానికి నాలుగు గంటల దూరంలో వాడాలి. షుగరుకు చాలామంది వాడే మెట్‌ఫార్మిన్‌ను భోజనంతోపాటు వేసుకుంటే కడుపులో ఇబ్బంది తగ్గుతుంది. ఇవన్నీ కాగితం మీద తేలికగానే కనిపిస్తాయి. కానీ ఐదింటికి లేచి పాలు కాచి, భర్తకు కాఫీ కలిపి, ఆ చేత్తోనే తనకూ ఒక గుక్క పోసుకునే ఇల్లాలికి థైరాయిడ్ మాత్ర తరువాతి గంట ఎక్కడా దొరకదు. మాత్ర వాడుతున్నా, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అంకె తగ్గడం లేదని మోతాదు పెంచుకుంటూ పోయేముందు, ఆ మాత్రకూ కాఫీకీ మధ్య ఎన్ని నిమిషాలున్నాయో చూడాలి. మొదటి కాఫీ భర్తే కలిపే ఇంట్లో ఈ సమస్య దానంతటదే తీరుతుంది. అక్కడ కాఫీ కలపడం నిజంగా వైద్యంలో భాగమే.

ఆటల విషయానికి వచ్చేసరికి ఈ పొద్దుటి గంటే మళ్ళీ అడ్డం వస్తుంది. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలోనూ, విజయవాడ బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం పరిసరాల్లోనూ తెల్లవారుజామున నడిచేవాళ్ళూ, షటిల్ ఆడేవాళ్ళూ కనిపిస్తారు. కిదాంబి శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబరు వన్ అయ్యాక గుంటూరులో షటిల్ రాకెట్టుకు వచ్చిన గౌరవం చిన్నది కాదు. నలభై ఐదూ యాభై ఏళ్ళ మగవాళ్ళు స్నేహితులతో కలిసి ఉదయం గంటసేపు ఆడటం మంచి అలవాటు, అందులో సందేహం లేదు. కానీ ఐదున్నర నుంచి ఆరున్నర వరకు కోర్టు మీద గడిచే ఆ సమయంలోనే ఇంట్లో కుళాయి నీళ్ళు, పాల పాకెట్టు, పిల్లల క్యారేజీ, టిఫిను, అత్తగారి మందులు అన్నీ వచ్చిపడతాయి. ఒకరి వ్యాయామానికి దొరికిన గంట చాలా ఇళ్ళలో రెండోవారి పనిలో చేరిన గంటే.

"ఇంటి పనే వ్యాయామం, మళ్ళీ నడకెందుకు?" అన్న మాట ఇక్కడ తరచు వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వంగి ఇల్లు తుడవడం, చేత్తో బట్టలు ఉతకడం ఓ మోస్తరు శ్రమే. కానీ మిక్సీ, వాషింగ్ మెషిను, పనిమనిషి వచ్చాక మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పొయ్యి ముందు నిలబడటమే. నిలబడితే కాళ్ళు లాగుతాయి, నడుము నొస్తుంది; గుండె వేగం మాత్రం పెద్దగా పెరగదు. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ రెండో భాగాన్ని మనవాళ్ళు దాదాపుగా పట్టించుకోవడం లేదు. ముట్లుడిగిన తరువాత ఎముకల బలం, కండ రెండూ తగ్గే వయసులో ఆడవాళ్ళకు అదే ఎక్కువ అవసరం. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చేయడంతో మొదలుపెట్టినా తొడ కండరాలు గట్టిపడి మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పులని నడక మానేయడం, నడక మానేసినందువల్ల కండ కరిగి నొప్పులు పెరగడం అన్న చక్రాన్ని తెంచే మార్గం అదే.

పెళ్ళీ పిల్లల తరువాత ఆట కొనసాగించడం అంటే ఏమిటో విజయవాడ వాసులకు తెలియనిది కాదు. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి, 2017లో తల్లయ్యాక కొంతకాలం ఆటకు దూరంగా ఉండి తిరిగి వచ్చి, 2019 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత అయ్యారు. 2024 డిసెంబరులో అదే కిరీటాన్ని మరోసారి గెలిచారు. భర్త, తల్లిదండ్రులు ఇచ్చిన అండ వల్లనే ఇది వీలయిందని ఆమె గెలుపు తరువాత చెప్పారు. ప్రపంచ స్థాయి ఆటకు ఎంత అండ కావాలో అంత అండ అరగంట నడకకు అక్కరలేదు. కావలసిందల్లా ఆ అరగంట ఇంట్లో ఏ పనీ ఆమె కోసం ఎదురుచూడకపోవడం.

కలిసి నడవడం గురించి ఒక మాట చెప్పాలి. విజయవాడలో కాలవగట్ల వెంట, కృష్ణ ఒడ్డున సాయంత్రాలు జంటగా నడిచేవాళ్ళు పెరుగుతున్నారు. ఇద్దరి నడక వేగాలు ఒకటిగా ఉండవు కాబట్టి వేగంగా నడిచే మనిషి నెమ్మదించాలి, లేకపోతే నెమ్మదిగా నడిచే మనిషి ఆయాసపడాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే అది సరైన శ్రమ అని ఒక సులువైన కొలత ఉంది. ఇద్దరూ ఎవరి వేగంతో వారు నడిచి, చివరి పది నిమిషాలు కలిసి నడిస్తే వ్యాయామమూ దక్కుతుంది, ఇంటి గోడల మధ్య కుదరని మాటలూ దొరుకుతాయి. షుగరున్నవారికి రాత్రి భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నడక ప్రత్యేకంగా మేలు చేస్తుంది. తిన్న తరువాత పెరిగే షుగరును పనిచేస్తున్న కండరాలు లాక్కుంటాయి. ఐపీఎల్ రోజుల్లో పళ్ళెం టీవీ ముందుకు చేరి, ఆట ముగిసేసరికి పదకొండు దాటి, నిద్ర తగ్గి, పొద్దున షటిల్‌కు బద్ధకించే భర్తలకు కూడా ఇన్నింగ్స్ మధ్య విరామం ఈ నడకకు సరిపోతుంది. రెండో జట్టు బ్యాటింగు మొదలయ్యేలోగా ఇద్దరూ డాబా మీద నాలుగు చుట్లు తిరిగి రావచ్చు. నలభై దాటి, చాలాకాలం తరువాత ఆటకు దిగేవాళ్ళు మాత్రం బీపీ కొలిపించుకోకుండా, ఒళ్ళు వేడెక్కేలా కాసేపు కదలకుండా నేరుగా కోర్టులోకి దిగకూడదు. ఆడుతుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే "గ్యాసు" అని తీసిపారేయకూడదు.

దంపతుల్లో ఒకరు రెండోవారి ఆరోగ్యానికి చేయగలిగిన పనుల్లో మరెవరూ చేయలేనిది సాక్ష్యం చెప్పడం. గురక సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. గురక మధ్యలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ మొదలవుతుంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. బీపీ మందులకు లొంగకపోవడానికీ, పగలంతా కునికిపాట్లకూ అదొక కారణం. ఆ మనిషికి మాత్రం తాను హాయిగా నిద్రపోయినట్టే ఉంటుంది. పక్కన మేలుకుని ఉన్న మనిషికే అసలు సంగతి తెలుసు. ఆ సంగతి నవ్వులాటగా చుట్టాల దగ్గర చెబుతారే తప్ప డాక్టరు గదిలో చెప్పరు.

షుగరు పడిపోవడం కూడా అలాంటిదే. రక్తంలో గ్లూకోజు 70కి తగ్గితే చెమటలు, వణుకు, చిరాకు, తికమక మాటలు మొదలవుతాయి. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వాడుతూ టిఫిను చేయకుండా ఆట ఆడి వచ్చిన మనిషిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. "ఏంటండీ ఊరికే అరుస్తున్నారు?" అని నొచ్చుకునే బదులు, ఆ అరుపు వెనక షుగరు పడిపోవడం ఉండొచ్చని గుర్తించగలిగేది రోజూ చూసే మనిషే. అప్పుడు ఇవ్వాల్సింది అన్నం కాదు, అది అరగడానికి సమయం పడుతుంది; మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ కొలవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

పక్షవాతంలో సాక్ష్యానికి ఇంకా ఎక్కువ విలువ ఉంది. మూతి వంకర పోవడం, ఒక చేయి వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే, మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువును లెక్కించేది ఆ మనిషి చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం నుంచి. "రాత్రి పదింటికి బాగానే మాట్లాడి పడుకున్నారు" అన్నది మాట సాయం కోసం చెప్పేది కాదు, వైద్యం దానిమీదే ఆధారపడుతుంది. ఇక ఆడవాళ్ళ గుండెపోటు ఛాతీనొప్పితోనే రావాలని లేదు; ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, ఎన్నడూ లేని అలసట రూపంలోనూ రావచ్చు. "కాస్త నలతగా ఉంది, వంట అయ్యాక పడుకుంటాను" అన్న మాటను ఆ రోజు భర్త ఎలా విన్నాడన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే సందర్భాలు ఉంటాయి. భర్త గురించి భార్యకు సహజంగా అలవడిన ఈ గమనింపు భార్య గురించి భర్తకు అలవడకపోవడం మన దాంపత్యాల్లో పెద్ద లోటు. దాన్ని మంచితనం లేకపోవడంగా భావించనక్కరలేదు. సాధన లేకపోవడమే అసలు కారణం.

గుర్తుంచుకునే మనిషే మంచాన పడితే ఇంటి ఏర్పాటు ఎంత బలహీనమో బయటపడుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి, అరవై దాటిన దంపతులిద్దరే మిగిలిన ఇళ్ళు ఈ రెండు ఊళ్ళలోనూ వీధివీధినా ఉన్నాయి. ఇల్లాలు పదిరోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆమె మందుల మాట అటుంచి తన మందులేవో భర్తకే తెలియని పరిస్థితి వస్తుంది. ఏ డబ్బాలో ఏది ఉందో, ఆరోగ్య బీమా కాగితాలు ఏ అరలో ఉన్నాయో ఆమెను మంచం మీదే అడగాల్సి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయినప్పుడు, తిండీ నీళ్ళతోపాటు రోజూ వేసుకునే మందులు కూడా బయటి నుంచి చేర్చవలసి వచ్చింది. కృష్ణా తీరంలో ఉండేవాళ్ళకు రెండు వారాల మందులు ఎప్పుడూ మిగులుగా ఉండేలా చూసుకోవడం అతి జాగ్రత్త కిందికి రాదు. ఇన్సులిన్ వాడేవారు, మూత తీయని సీసాను ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలనీ, గడ్డకట్టే అరలో పెట్టకూడదనీ, మే నెల ఎండలో షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐసు ప్యాకుతోనే తేవాలనీ ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి.

అందువల్ల పని పంచుకోవడం గురించి ఆలోచించే జంటలు ముక్కలుగా కాక మొత్తంగా పంచుకుంటే మేలు. మందుల బాధ్యత భర్తది అనుకుంటే, షాపుకు వెళ్ళడం ఒక్కటే ఆయనది కాకూడదు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం, చీటీ గడువు చూడటం, వారపు డబ్బాలో ఇద్దరి మాత్రలూ సర్దడం, పరీక్షల తారీఖు గోడ మీది క్యాలెండరులో రాయడం కూడా ఆయనవే కావాలి. మొదట్లో పొరపాట్లు జరుగుతాయి. పొరపాటు జరిగిందని భార్య ఆ డబ్బాను మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంటే పాత పద్ధతే తిరిగి వస్తుంది. ఆ రెండు మూడు నెలలు ఓపిక పట్టడం ఆమెకు కష్టమే, ఎందుకంటే ఇన్నేళ్ళూ ఇంటిని నడిపించింది ఆమె జ్ఞాపకమే. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళినప్పుడు మందుల పేర్లు చెప్పే వంతు ఒకసారి ఆయనకు, మరోసారి ఆమెకు రావాలి. ఆయన బీపీ రాసుకునే పుస్తకంలోనే ఎదురు పేజీలో ఆమె బీపీ, బరువు, హిమోగ్లోబిన్ రాయాలి. ఆ ఎదురు పేజీ మూడు నెలలుగా ఖాళీగా ఉంటే, ల్యాబుకు వెళ్ళాల్సిన తరువాతి మనిషి ఆమే.